ఖాళీ గడులు

జూన్ 16, సోమవారం

ఇరవై రెండేళ్ళుగా రోము పాఠం చెబుతున్న నాకు రోము నేర్పడానికి ఒక పిల్లను తెచ్చారు.

ప్రిన్సిపాల్ వాసుదేవ్ గారు పొద్దున్నే ముగ్గుర్ని పిలిచారు. నేను, కామర్స్ శివరాజ్, జాగ్రఫీ జయాబాయి. ఈ ఏడు హిస్టరీలో చేరినవాళ్ళు నలుగురే కాబట్టి వచ్చే ఏడు నుంచి ఆ సబ్జెక్టు ఉండదట. దాని బదులు ఈ ఆగస్టు నుంచే అంకెల్ని బొమ్మలుగా, పటాలుగా గీసి చూపించే కోర్సు పెడతారు. డేటా విజువలైజేషన్ అని పేరు. ఐదారు వారాల శిక్షణలో ఎవరు బాగా నేర్చుకుంటే కోర్సు వాళ్ళది. మిగతా ఇద్దరి సంగతేమిటని జయాబాయి అడిగితే ఆయన ఫ్యాన్ వైపు చూశారు.

నేర్పడానికి వచ్చిన పిల్ల పేరు నేత్ర. ఇరవై ఆరో, ఏడో ఉంటాయి. కల్మల నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఇక్కడే, నా క్లాసులోనే చదివిందట. నాకు గుర్తు లేదు.

రోమన్ కట్టడాల మీద పని ఇచ్చింది. శివరాజ్‌కు వంతెనలు, జయాబాయికి స్నానశాలలు, నాకు యాంఫీథియేటర్లు. మధ్యలో మనుషులు చస్తుంటే చుట్టూ మెట్ల మీద కూర్చుని జనం చూసే ఆ కట్టడాల గురించి నేను పాఠం చెప్పని ఏడాది లేదు. ఎన్ని చోట్ల ఉన్నాయో, పొడవెంతో, వెడల్పెంతో, ఎందరు పడతారో రెండు వందల నలభై వరసల పట్టిక. ఏడాదిపాటు నాలుగు పుస్తకాల్లోంచి తనే కూర్చిందట.

వాళ్ళిద్దరితో కన్నడంలో మాట్లాడుతుంది. నాతో మాత్రం తెలుగు. అదీ రాయచూరు పల్లెల వైపు ఆ తెలుగు. "మీకు ఎరుకున్నదే గదా మేడం, అందుకే ఇచ్చిన" అంది. కోస్తా నుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న సింధనూరు క్యాంపుల్లో మేము పుట్టిపెరిగినా మా నోట ఇలాంటి భాష ఎప్పుడూ రాలేదు.

ఈ నోటుబుక్కు స్టాఫ్ రూములో పెట్టినా భయం లేదు. తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే.

జూన్ 17

మౌస్ పట్టుకోవడం వచ్చా అని అడిగింది. వచ్చన్నాను.

జూన్ 23

అక్షాంశం రాయాల్సిన చోట రేఖాంశం, రేఖాంశం రాయాల్సిన చోట అక్షాంశం రాశాను. పటం తెరిస్తే ఇటలీ ఖాళీగా ఉంది. రోము కట్టడాలన్నీ ఎర్రసముద్రం పక్కన ఎడారిలో కుప్పగా పడి ఉన్నాయి. లండన్‌ది హిందూ మహాసముద్రంలో తేలుతోంది.

శివరాజ్ పడీపడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నా కుర్చీ వెనక నిలబడి, నేనే కనిపెట్టేదాకా పది నిమిషాలు ఒక్క మాట సాయం చెయ్యలేదు. నవ్వినా బాగుండేది.

జూన్ 24

మా ఆయనకు చెప్పాను. నారుమడి దగ్గర్నించి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ విన్నారు. "ఆ పిల్లతో నీకెందుకు పేచీ. నేర్చేసుకుని బయటపడక" అన్నారు. కాలవకు నీళ్ళెప్పుడు వదుల్తారో అన్నదే ఆయన బెంగ. తుర్విహాళలో పొలం తప్ప ఈ మనిషికి ప్రపంచం లేదు.

జూన్ 27

పొడవు అడ్డంగా, వెడల్పు నిలువుగా పెట్టి చుక్కల గ్రాఫ్ గీశాను. రెండు వందల పైచిలుకు చుక్కలు. ఒకటి బ్రిటన్‌లో, ఒకటి ట్యునీషియాలో, ఒకటి స్పెయిన్‌లో. ఎవరెవరో కట్టినవి, వందల ఏళ్ళ తేడాతో. అన్నీ దాదాపు ఒకే గీత మీదికి వచ్చి నిలబడ్డాయి. ఎక్కడ కట్టినా ఆ కోడిగుడ్డు ఆకారాన్ని వాళ్ళు పెద్దగా మార్చలేదన్న మాట.

ఇన్నేళ్ళలో ఏ పుస్తకమూ నాకు దీన్ని చూపించలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆమె చూస్తోందేమోనని లాప్‌టాప్ మూసేశాను. ఇది నేర్పింది ఆమె కాదు. గీసింది నేను.

జూలై 3

మధ్యాహ్నం భోజనాల దగ్గర జయాబాయి ఒక సంగతి చెప్పింది. నేత్ర చెప్పిందట ఆమెకు.

ఎనిమిదేళ్ళ కిందట పరీక్షలో, రోములోని పెద్ద యాంఫీథియేటర్‌లో యాభై వేల మంది పడతారని రాసిందట. నేను క్లాసులో ఎనభై ఏడు వేలని చెప్పాను కాబట్టి రెండు మార్కులు కోశానట. లైబ్రరీ పుస్తకం చేత్తో పట్టుకుని అడగడానికి వస్తే, "ముందు తెలుగు సరిగ్గా మాట్లాడ్డం నేర్చుకో, తర్వాత మార్కుల సంగతి చూద్దాం" అన్నానట, క్లాసంతా వింటుండగా. క్యాంపు పిల్లలు నవ్వారట. ఆ రెండు మార్కులకే ఫస్ట్ క్లాసు పోయిందట.

నేను అలా అనలేదు.

జూలై 4

అని ఉంటే సరదాకి అని ఉంటాను.

జూలై 5

ఎనభై ఏడు వేలన్నది నాలుగో శతాబ్దపు జాబితాలో ఉన్న అంకె. నేను కల్పించింది కాదు. ఈ కాలపు పరిశోధకులు తగ్గించారు, యాభై వేలకు అటూ ఇటూ అంటారు. తగ్గించారని నాకూ తెలుసు. అప్పుడు తెలుసా? తెలిసే ఉంటుంది. అంత మంది పిల్లల ముందు ఒక పిల్ల పుస్తకం తెచ్చి చూపిస్తే ఎవరైనా ఏం చేస్తారు?

పసుపు చున్నీ వేసుకునేది. చివరి బెంచీ.

జూలై 8

ఎందరు పడతారన్న నిలువు వరసలో సగానికి సగం గడులు ఖాళీ. పడిపోయిన కట్టడాలు, పూర్తిగా తవ్వనివి. ఖాళీలు చూడ్డానికి బాగోలేదని అన్నిట్లో సున్నా కొట్టాను. గ్రాఫ్ అడుగున చుక్కలు చీమల బారులా వచ్చాయి.

ఆమె లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. "సున్నా అంటే ఎవ్వరు పట్టరని. ఖాళీ అంటే మనకు తెల్వదని. రెండు ఒకటి గావు మేడం. తెల్వని కాడ ఖాళీనే ఉండనియ్యాలె" అంది.

నెమ్మదిగానే చెప్పింది. చిన్నపిల్లకు చెప్పినట్టు. సున్నాలన్నీ నా చేతే తీయించింది.

జూలై 14

ఎల్లుండి ప్రిన్సిపాల్ చూస్తారు. శివరాజ్ వంతెనల పటం పెళ్ళిపందిరిలా ఉంది. నాది చెదలు తిన్న గుడ్డలా ఉంది. ఎంత మంది పడితే అంత పెద్ద వలయం రావాలి పటం మీద. అంకె లేని చోట వలయమే రాదు. ఆఫ్రికా తీరం సగం బోసిగా కనిపిస్తోంది.

పొడవూ వెడల్పూ ఉన్నాయి కదా. వాటిని బట్టి ఎందరు పడతారో అంచనా వెయ్యడం ఎంతసేపు? కొన్నింటికి నా పాత నోట్సులో అంకెలున్నాయి. ఎక్కడివో రాసుకోలేదు గాని ఉన్నాయి. కొన్ని నింపాను.

ఇరవై రెండేళ్ళ అనుభవం ఊరికే పోదు.

జూలై 15

మిగతావీ నింపాను.

జూలై 16, బుధవారం

ప్రిన్సిపాల్ నా పటం ముందు నిలబడిపోయారు. బ్రిటన్ నుంచి సిరియా దాకా ఎర్రటి వలయాలు. దీన్ని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి గేటు దగ్గర కట్టిద్దాం, అడ్మిషన్లకు పనికొస్తుంది అన్నారు. శివరాజ్ ముఖం చూడాల్సింది.

అప్పుడామె లేచింది. కన్నడంలో కాదు, తెలుగులోనే, నన్నొక్కదాన్నే చూస్తూ అడిగింది.

"మేడం, నేనిచ్చిన దాంట్ల ఇవి ఖాళీగుండె. ఈ అంకెలు యాడికెల్లి వచ్చినయి?"

పుస్తకాల నుంచి అన్నాను.

"ఏ పుస్తకం?"

ఇంట్లో ఉందన్నాను.

"రేపు తేండ్రి. పేజీ నంబరు రాసుకుంటా."

ప్రిన్సిపాల్‌కు తెలుగు అంతంతమాత్రం. ఏమిటని నన్నడిగారు. పుస్తకాల గురించి అడుగుతోందని చెప్పాను. అది అబద్ధం కాదు.

జూలై 17

పుస్తకం తీసుకెళ్ళలేదు. ఆమె అడగలేదు. చూసింది, అంతే.

జూలై 18

మళ్ళీ చూసింది.

జూలై 19

కాగితం రాశాను. ప్రిన్సిపాల్‌కు. శివరాజ్, జయాబాయి కూడా సంతకం పెట్టారు. శివరాజ్ చదవకుండానే పెట్టాడు. జయాబాయి రెండుసార్లు చదివి, పెన్ను అడిగి తీసుకుని పెట్టింది.

పెద్దల పట్ల నేత్ర తీరు బాగోలేదని రాశాను. ఉన్నదే రాశాను. ఇంకొన్ని కూడా రాశాను.

జూలై 21, సోమవారం

ఆమె రాలేదు. ఇక రాదట. శిక్షణ పూర్తయినట్టే అన్నారు ప్రిన్సిపాల్. కోర్సు నాది.

జూలై 22

కాలవకు నీళ్ళొచ్చాయి. మా ఆయన హుషారుగా ఉన్నారు. అన్నం తింటూ, "ఆ పిల్లని పంపించేశారంటగా. నువ్వేవన్నా చెప్పావా?" అన్నారు. లేదండీ అన్నాను. మజ్జిగ పోశాను.

జూలై 25

ఫ్లెక్సీ కట్టారు. కింద నా పేరు, శ్యామలాదేవి, హిస్టరీ అని కన్నడంలో. ఆటోవాళ్ళు ఆగి చూస్తున్నారు. బస్టాండు నుంచి నడిచొచ్చే పిల్లలు దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. అందులో ఎన్ని వలయాలు ఉన్నాయో లెక్కపెట్టబోయి మానేశాను.

ఆగస్టు 4

మొదటి క్లాసు. ముప్పై ఒక్క మంది. నాలుగేళ్ళుగా ఇంతమందిని ఒక గదిలో చూడలేదు. చుక్కలన్నీ ఒకే గీత మీదికి రావడం చూపిస్తే వెనక బెంచీవాళ్ళు కూడా ముందుకు వంగారు. బాగా చెప్పాను. ఆమె కంటే బాగా చెప్పాను.

ఆగస్టు 6

సాహితి అని ఒకమ్మాయి, క్యాంపు పిల్లే. ప్రాజెక్టు కోసం ఆఫ్రికా తీరంలోని ఆరు కట్టడాలు ఎంచుకుంది. ప్రతి అంకె పక్కన ఆధారం రాయాలని రూల్సులో ఉంది, అందుకని వచ్చి అడిగింది. "మేడం, ఈ పధ్నాలుగు వేలు ఏ పుస్తకంలోదండీ? నాకెక్కడా దొరకలేదు. ఎందరు పట్టేవారో తెలీదనే ఉంది."

రేపు చెబుతానన్నాను. కూర్చుని ఆ గడి వైపు చూశాను. పధ్నాలుగు వేలు. పదిహేను వేస్తే ఎక్కువనిపించి పధ్నాలుగు వేసిన రోజు గుర్తొచ్చింది.

ఆగస్టు 7

ఏవి నావో, ఏవి ఆమె ఇచ్చినవో తెలియడం లేదు. ఆమె ఇచ్చిన ఫైలులోనే నా అంకెలు టైపు చేసేశాను. వేరే కాపీ ఉంచుకోలేదు. శివరాజ్ దగ్గరున్నవి వంతెనలు, జయాబాయి దగ్గరున్నవి స్నానశాలలు. ప్రొద్దుటి నుంచీ పట్టిక పైకీ కిందికీ తిప్పుతున్నాను. అన్నీ ఒకలాగే కనిపిస్తున్నాయి. అన్నీ నిజాల్లాగే.

ఆ కాగితంలో రాసిన ఇంకొన్ని ఏమిటో ఇక్కడ రాయలేదు. రాస్తున్నాను. పట్టికలో ఆధారం లేని అంకెలు నింపి మాకిచ్చింది నేత్రే అని, అడిగితే దబాయించిందని, ఇలాంటి మనిషిని పిల్లల దగ్గర ఉంచడం మంచిది కాదని రాశాను. అంకెలు తప్పని ఎప్పటికైనా బయటపడితే అది ఆమె మీదికి పోవాలని. అది చదివి కూడా ప్రిన్సిపాల్ ఫ్లెక్సీ ఆపలేదు, అడ్మిషన్ల కోసం.

రాస్తున్నప్పుడు చెయ్యి ఎక్కడా ఆగలేదు.

ఆగస్టు 10, ఆదివారం

రాయచూరు బస్సెక్కి కల్మలలో దిగాను. క్షమాపణకు వెళ్ళలేదు. ఫైలు కోసం వెళ్ళాను. ఆమె దగ్గర అసలుది ఉంటుంది కదా.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాళ్ళమ్మ యంకవ్వ వాకిట్లో చాటతో జొన్నలు చెరుగుతోంది. సింధనూరు కాలేజీ నుంచి వచ్చానంటే లేచి, కొంగుతో పీట తుడిచి, "మా పిల్లకు చదువు జెప్పిన మేడమా, రా తల్లీ, కూసో" అంది. టీ పెట్టడానికి లోపలికి పోయింది. కూతురి కాంట్రాక్టు అయిపోయిందనే ఆమె అనుకుంటోంది.

నేత్ర వచ్చి గడపలో నిలబడింది. కూర్చోలేదు. నేను ఫైలు అడిగాను. పిల్లల ప్రాజెక్టులకు కావాలన్నాను.

"ఆ కాగితం నాకు చూపిచ్చిండ్రు. నేను దొంగ అంకెలు ఇచ్చిన్నని మీ దస్తూరితో ఉంది" అంది. గొంతు పెంచలేదు, లోపల తల్లి ఉంది. "రాయచూర్ల ఇంకో కాలేజిల నాకు నౌకరి ఖాయమైండె. మీ కాలేజికెల్లి ఫోన్ బోయింది. వద్దన్నరు."

అది నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"నేను గూడ మంచిదాన్ని గాను మేడం. కోపంతోనే మీకు ఆ పని ఇచ్చిన. మీ సబ్జెక్టుల మీరు తప్పు చేస్తే చూడాలనుకున్న. చూసిన. గని గిట్ల చేస్తరనుకోలే."

ఫైలు సంగతి మళ్ళీ అడిగాను. అడగడానికి నాకే సిగ్గేసింది, అయినా అడిగాను.

"ఇయ్య. మీరు నింపినవి మీకెరుకే గదా. మీరే ఏరుకోండ్రి."

యంకవ్వ టీ తెచ్చింది. చక్కెర ఎక్కువైంది. మొత్తం తాగాను. మళ్ళీ రమ్మని ఆమె రోడ్డు దాకా వచ్చి బస్సెక్కించింది. ఆ మాట నేత్ర అనలేదు.

ఆగస్టు 11

పట్టిక ప్రింటు తీయించి ఎర్ర పెన్సిలు పట్టుకున్నాను. వందలతో సహా ఉన్న అంకెలు ఆమెవి, వేలతో గుండ్రంగా ముగిసేవి నావి అనుకున్నాను. కాదు. ఆమెవీ కొన్ని గుండ్రంగానే ఉన్నాయి. ఒక్కొక్కటీ చూస్తూ, అది కొట్టినప్పుడు ఏమనుకున్నానో గుర్తు తెచ్చుకోవాలి. వేరే దారి లేదు.

ఆగస్టు 12

ముప్పై నాలుగు.

ఆగస్టు 13

డెబ్బై ఒకటి. వేళ్ళు నొప్పి. మా ఆయన ఏమిటని అడిగితే ఈసారి చెప్పాను. కాగితం సంగతితో సహా. "నేనడిగినప్పుడు లేదన్నావు" అన్నారు. లేచి కాలవ చూడ్డానికి వెళ్ళిపోయారు. తిడితే తిరిగి తిట్టేదాన్ని.

ఆగస్టు 14

రెండో కాగితం రాశాను. అంకెలు నేను నింపాను, నేత్ర ఇచ్చినప్పుడు అవి ఖాళీగా ఉన్నాయి, జూలై 19న నేను రాసింది అబద్ధం, జయాబాయికీ శివరాజ్‌కీ ఈ సంగతి తెలియదు. నాలుగే వాక్యాలు. మొదటి కాగితం రెండు పేజీలు వచ్చింది.

ప్రిన్సిపాల్ చదివి సొరుగులో పెట్టేశారు. అడ్మిషన్లు అయిపోయాయి, ఇప్పుడు ఎందుకమ్మా ఇవన్నీ అన్నారు. ఫ్లెక్సీ ఎలాగూ వానలకు చిరిగిపోతుందన్నారు. దీన్ని ఇంకెవరికీ చూపించవద్దని కూడా చెప్పారు. అందులో నా మంచే చూస్తున్నట్టు చెప్పారు.

పోస్టాఫీసుకు వెళ్ళి రెండు నకళ్ళు రిజిస్టర్ చేశాను. ఒకటి రాయచూరు కాలేజీకి, ఒకటి కల్మలకు. కౌంటర్ దగ్గర చిరునామా రెండుసార్లు తప్పు రాశాను. మంచిపని చేస్తున్నందుకు కాదు, భయానికి. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది నాకు.

ఆగస్టు 18, సోమవారం

ఎర్ర పెన్సిలు పెట్టిన అంకెలు నూట పద్దెనిమిది అయ్యాయి.

క్లాసులో ప్రొజెక్టర్ పెట్టి నా పటం తెరిచాను. పక్కనే పట్టిక. మొదటి గడి మీద క్లిక్ చేసి అంకె చెరిపాను. పటం మీద ఒక వలయం పోయింది. రెండోది చెరిపాను. పిల్లలు ఏదో కొత్త కిటుకు చూపిస్తున్నానని నోటుబుక్కులు తీశారు. ఇరవై చెరిపేసరికి గుసగుసలు మొదలయ్యాయి. ఆఫ్రికా తీరం పల్చబడుతోంది.

సాహితి లేచింది. "మేడం, అవెందుకు తీసేస్తున్నారండీ? మొన్నటిదాకా ఉన్నాయిగా."

"లేవు. నేను పెట్టాను" అన్నాను. కన్నడంలో కూడా చెప్పాను, అందరికీ అర్థం కావాలని. ఈ కట్టడాల్లో ఎందరు పట్టేవారో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు, తెలిసినట్టు కనిపించాలని నేనే రాశాను, అడిగినావిడ మీద నింద వేశాను.

ఎవరూ నవ్వలేదు. ఒకడు ఫోన్‌లో తీస్తున్నాడు, ఆపమనలేదు. గంట కొట్టేదాకా చెరుపుతూనే ఉన్నాను. మిగిలినవి తర్వాతి పీరియడ్ అడిగి తీసుకుని చెరిపాను.

ఆగస్టు 20

నెలాఖరు దాకా వస్తే చాలన్నారు ప్రిన్సిపాల్. కోర్సు శివరాజ్‌కు. నేత్రను మళ్ళీ పిలిచారట, రానందట. శివరాజ్ స్టాఫ్ రూములో నాకు కుర్చీ జరిపి చోటిచ్చాడు. వాడి జాలి నాకక్కర్లేదు. జయాబాయి నాతో మాట్లాడ్డం మానేసింది. సంతకం పెట్టించినందుకు, ఆమెది న్యాయమే.

ఆగస్టు 22

పొద్దున పదింటికి నేత్ర ఫోన్ చేసింది. నేను చెయ్యలేదు, ఆమే చేసింది.

కాగితం అందిందట. రాయచూరు కాలేజీవాళ్ళు మళ్ళీ రమ్మన్నారట. సంతోషం అన్నాను. అది ఆమెకు నచ్చలేదని ఫోన్‌లోనే తెలిసింది.

"మాఫీ మాత్రం చెయ్యలే మేడం" అంది.

నేను అడగలేదన్నాను. అడగలేదు కూడా. ఆ పిల్ల మీద నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. ఆ గడపలో నిలబడ్డ తీరు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అయినా ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఎన్ని చెరిపిండ్రు?" అని అడిగింది.

నూట పద్దెనిమిది అన్నాను. ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని ఏరానని, ఒక్కటి కూడా వదల్లేదని చెప్పాను.

కాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"నేనిచ్చినప్పుడు నూట ఇరవై ఒకటి ఖాళీగుండె" అంది. పెట్టేసింది.

లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఇంకా మూడున్నాయి. నేను పెట్టి, నేనే నిజమనుకుంటున్నవి.